గోదావరి నీళ్ళూ, మా బ్యాటరీ అత్తా

మా బ్యాటరీ అత్త పోయింది. మొన్నీమధ్య ఒక పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. హలో అనగానే, "అక్కా, టిఫిన్ తిన్నావా?" అని అడిగింది. తింటున్నాను, ఏమిటన్నాను. "తినేసెయ్యి. మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది. ఆ ఒక్క మాటతో నాకు సంగతి తెలిసిపోయింది. చెడ్డ కబురేదైనా ఎదుటి మనిషి కడుపులో నాలుగు మెతుకులు పడ్డాకే చెప్పాలన్నది అత్త పెట్టిన పద్ధతి. తల్లి పోయిన పూట కూడా ఆ పిల్ల ఆ పద్ధతి తప్పలేదు. ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని, రెండోసారి ఫోన్ మోగేదాకా అలాగే కూర్చున్నాను. అత్తకి కొద్దిరోజులుగా జ్వరం, ఆస్పత్రిలో ఉంది. తగ్గిపోయింది, ఇంటికి పంపించేస్తారని అనుకుంటూ ఉండగా తెల్లవారుతూనే గుండె ఆగిపోయిందట.

ఆ పొద్దున మా ఇంట్లో ఇంకొకటి కూడా జరిగింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను కానీ, ముందు అత్త ఎవరో చెప్పకపోతే అది ఎవరికీ అర్థం కాదు.

అత్త అంటే మా మేనత్త కాదు. నాన్న రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసిన రోజుల్లో రాయపూర్ రైల్వే క్వార్టర్సులో వాళ్ళది మా పక్కిల్లు. వాళ్ళు విజయనగరం వైపు నుంచి వచ్చారు, మేం రాజమండ్రి దగ్గర నుంచి. అంత దూరంలో గోడ అవతల తెలుగు మాట వినబడితే చాలు, చుట్టరికం కలుపుకోవడానికి ముహూర్తం అక్కర్లేదు. ఆవిడ నాన్నని అన్నయ్యా అంది, అమ్మని వదినా అంది, నాకు అత్త అయిపోయింది. భర్త ఉద్యోగంలో ఉండగానే జబ్బుచేసి పోతే ఆవిడకి రైల్వేలో పని ఇచ్చారు. రైలుపెట్టెల కింద బ్యాటరీలుంటాయి. పెట్టెలో లైట్లూ ఫ్యాన్లూ వాటి మీదే ఆధారపడతాయి. ఆ బ్యాటరీలకి నీళ్ళు పోసి, ఛార్జింగ్ పెట్టి, బాగోగులు చూసే సెక్షన్‌లో హెల్పరుగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. ఆవిడ చీరలన్నిటికీ కుచ్చిళ్ళ దగ్గర సన్నని చిల్లులుండేవి. యాసిడ్ చుక్కలు పడ్డ చోట్లు అవి. పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీరకి కూడా ఒక చిల్లు ఉంది. అదెలా పడిందని అడిగితే, పెళ్ళికి వెళ్తూ దారిలో ఎవరింట్లోనో ఇన్వర్టరు చూశానని చెప్పింది.

తర్వాత నాన్నా రిటైరయ్యారు. మేం రాయపూర్‌లోనే మోవా అనే పేటలో ఇల్లు కట్టుకుంటే, ఆవిడ మా సందుకి రెండు సందుల అవతల చిన్న ఇల్లు తీసుకుంది. నేను శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తాను. పెళ్ళి చేసుకోలేదు. అది వేరే కథ, ఇక్కడ చెప్పను.

నాన్నకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత స్నానం చేస్తే ఆయాసం, చివరికి మాట్లాడితే ఆయాసం. డాక్టరు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టించుకోమన్నాడు. గదిలో గాలినే పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ తీసి, గొట్టంలోంచి ముక్కుకి అందించే పెట్టె అది. సిలిండరులా అయిపోయేది కాదు, ఎంతసేపైనా ఇస్తుంది. ఒక్కటే షరతు, కరెంటుండాలి. గొట్టం తీసేస్తే కాసేపటికే నాన్న పెదవులు నీలంగా మారిపోతాయి. కరెంటు పోవడం మా ప్రాంతంలో పెద్ద వింత కాదు. ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే చాలు, ఏదో ఒక మూల నుంచి దుమ్ములేస్తుంది. ఆంధీ అంటారు ఇక్కడ. గాలి లేచిందంటే తీగలు తెగడం, చెట్లు పడడం, కరెంటు పోవడం.

అందుకని పెద్ద ఇన్వర్టరు పెట్టించాం. దానికి నాలుగు బ్యాటరీలు. ముందు వరండాలో చెక్కపలక మీద వరసగా నిలబెట్టి, ఒకదాని ప్లస్సుని ఇంకోదాని మైనస్సుకి తగిలించుకుంటూ పోయారు. పెట్టినవాడు వెళ్ళిపోగానే అత్త వచ్చి చూసింది. నట్లన్నీ మళ్ళీ తనే బిగించింది. తర్వాత నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది.

"నాలుగూ ఒకదాని సెయ్యి ఒకటి అట్టుకుని నిలబడ్డాయి. ఒక్కటి కూలబడిందంటే మిగతా మూడింటి బలం ఏటికీ పనికిరాదు. అందుకే ఎనకబడ్డదాన్ని ముందు సూడాల" అంది.

ఆ మాట నేను ఆవిడ నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. బ్యాటరీల గురించే కాదు, చదువులో వెనకబడ్డ పిల్లల గురించి, వంటింట్లో పప్పు డబ్బాల గురించి కూడా అదే అనేది.

ప్రతి మంగళవారం పొద్దున అత్త మా ఇంటికి వచ్చేది. చేతిలో గుడ్డసంచి. అందులో ఒక మీటరు, డిస్టిల్డ్ వాటర్ సీసా, పసుపు గుడ్డ, రబ్బరు బుడ్డి తగిలించిన గాజు గొట్టం. ఒక్కొక్క మూతా తీసి, ఆ గొట్టంతో లోపలి యాసిడ్‌ని కొంచెం పీల్చి చూసేది. గొట్టంలో చిన్న తేలే బొమ్మ ఒకటి ఉంటుంది. అది పైకి తేలితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, కిందికి దిగిపోతే నీరసించినట్టు. నీళ్ళు మాత్రం ఛార్జింగ్ పూర్తయ్యాకే పోసేది. ముందు పోస్తే ఛార్జింగ్‌లో పొంగి పైకి వచ్చేస్తుందట. కబురు అన్నం తిన్నాకే చెప్పాలన్న నియమం ఆవిడకి ఇక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. అంతా అయ్యాక మూతలు బిగించి, పసుపు గుడ్డతో పైన తడి లేకుండా తుడిచి, అరచెయ్యి ఒక్కొక్క బ్యాటరీ ఒంటి మీద ఆనించి చూసేది. పక్కదానికంటే ఏదైనా వేడిగా ఉంటే అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుండిపోయేది.

చదివేవాళ్ళు ఆవిడని నిబ్బరమైన మనిషిగా ఊహించుకుంటారేమో. కానే కాదు. అత్త పరమ కంగారు మనిషి. ఆకు కదిలితే ఫోన్ చేసేది. "మీ వైపు గాలేస్తందా? పచ్చలైటే ఉందా?" అని ఒకే ఫోన్‌లో రెండుసార్లు అడిగేది. ఇన్వర్టరు మీద పచ్చలైటుంటే కరెంటున్నట్టు, ఎర్రలైటుంటే బ్యాటరీల మీద నడుస్తున్నట్టు. నేను భయస్తురాలిని. ఆ విషయంలో మా అమ్మ నాకు అమ్మ. ముగ్గురం ఒకచోట చేరితే, ఆ ఇంట్లో ధైర్యంగా ఉన్న మనిషి ముక్కుకి గొట్టం పెట్టుకుని పడుకున్న నాన్న ఒక్కరే. ఆఫీసులో ఫోన్ మోగితే చేతిలో పని వదిలేసి అందుకునేదాన్ని. సినిమాకి వెళ్ళడం మానేశాను, ఫోన్ కట్టేసి కూర్చోవాలి కదా అని. ఇంట్లో ఉన్నప్పుడు కరెంటు పోతే ఇన్వర్టరు టక్కుమని అందుకుంటుంది. ఆ టక్కుమన్న చప్పుడికి, అన్నం తింటున్నా సరే, ఎంగిలిచేత్తోనే లేచి నాన్న గదిలోకి పరిగెత్తేదాన్ని.

ఒక మంగళవారం అత్త బ్యాటరీల దగ్గరికి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి నన్ను చూస్తూ ఉండిపోయింది. ఏమిటత్తా అన్నాను.

"అన్నయ్య బాగానే ఉన్నాడు. నువ్వే ఎనకబడిపోతన్నావు" అంది.

ఆ ఆదివారం నన్ను ఇంట్లోంచి తరిమేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాన్న దగ్గర తనే కూర్చుంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియక బజారంతా తిరిగి, ఒక జత చెప్పులు కొనుక్కుని వచ్చాను. అవి కరిచాయి. అయినా దాచుకున్నాను.

రెండో ఏడు గడుస్తుండగా నాలుగు బ్యాటరీల్లో గోడ పక్కన ఉన్నది కొంచెం వెనకబడడం మొదలుపెట్టింది. అత్త గొట్టంతో చూసి, పెదవి విరిచి, ఇది మిగతావాటి కన్నా కాస్త నీరసంగా ఉంది, విడిగా తినిపించాలి అంది. అమ్మ పక్కనే నిలబడి వింది. ఆ వినడం ఎంత దూరం తీసుకెళ్తుందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

విడిగా తినిపించడమంటే అదో పెద్ద తతంగం. నాలుగు బ్యాటరీలనీ ఇన్వర్టరు నుంచి విడదీయాలి. నీరసంగా ఉన్నదాన్ని చిన్న ఛార్జరుకి తగిలించి నెమ్మదిగా నింపాలి. తర్వాత నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ప్లస్సులన్నీ ఒకవైపూ మైనస్సులన్నీ ఒకవైపూ కలిపి వదిలేయాలి. అలా కలిపితే ఎక్కువున్నది తక్కువున్నదానికి ఇస్తూ, నాలుగూ ఒకే మట్టానికి వస్తాయట. అప్పుడు మళ్ళీ విడదీసి వరసలో నిలబెట్టాలి. వరసలో నిలబెట్టే ముందు పక్కపక్కన కూర్చోబెట్టాలి, అలా కూర్చోకుండా నిలబడ్డ జట్టు నిలవదు అని ఆవిడ సిద్ధాంతం. అంతా బాగానే ఉంది. కానీ అంతసేపూ మాకు ఇన్వర్టరు ఉండదు. ఆ సమయంలో కరెంటు పోతే మూలనున్న చిన్న ఆక్సిజన్ సిలిండరే గతి. అత్త ఆకాశం చూసేది, ఆకులు చూసేది, సబ్‌స్టేషన్లో తెలిసినవాడికి ఫోన్ చేసి ఇవాళ లైన్ పని ఏదైనా ఉందా భయ్యా అని అడిగేది. నేను సిలిండరు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. అమ్మ దేవుడి గదిలో కూర్చునేది. నాన్న మాత్రం పేపరు చదువుకునేవారు.

అలా నింపి పెడితే కొన్నాళ్ళు బాగుండేది. మళ్ళీ గోడ పక్కదే వెనకబడేది. మళ్ళీ విడదీయడం, మళ్ళీ సిలిండరు పక్కన స్టూలు. రాను రాను ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది. అత్తకి అంతుబట్టలేదు. ఛార్జరుని తిట్టింది. నట్టు తుప్పు పట్టిందేమోనని గీకింది. అమ్మినవాడిని అనుమానించి షాపుకి వెళ్ళి పోట్లాడింది. విచిత్రమేమిటంటే, ఆ బ్యాటరీకి ఒక మంచి గుణం ఉందని కూడా ఆవిడ మెచ్చుకునేది. మిగతా మూడింటికి వారం వారం నీళ్ళ మట్టం తగ్గేది. దీనికి ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది. బుద్ధిమంతురాలు, నీళ్ళు కూడా అడగదు, పాపం ఒంట్లోనే బలం లేదు అనేది.

ఆ మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆంధీ వచ్చింది. అదే రోజు పొద్దున సిలిండరు నింపించడానికి షాపువాడికి ఇచ్చాం. మధ్యాహ్నానికి తెచ్చిస్తానన్నాడు. ఆకాశం ఎర్రగా అయిపోయి, వీధిలో చెత్తంతా గుమ్మాల మీదికి లేచింది. గాలి వెనకే వాన మొదలైంది. ఎక్కడో ఏదో విరిగిన చప్పుడైంది, కరెంటు పోయింది. ఇన్వర్టరు టక్కుమని అందుకుంది. మామూలుగా అయితే సాయంత్రం దాకా బెంగ లేదు. నేను నాన్న మంచం పక్కన కూర్చున్నాను. ఇంకా చేతికంటిన పులిహోర మెతుకులు కూడా కడుక్కోలేదు, వరండాలోంచి కుయ్ కుయ్ అని అరుపు మొదలైంది. బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టరు చేసే చప్పుడది. అప్పుడే ఎలా అవుతుంది?

సిలిండరు షాపుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అంబులెన్సుకి చేస్తే, బిలాస్‌పూర్ రోడ్డు మీద చెట్టు పడింది, చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుందన్నారు. అత్తకి ఫోన్ చేద్దామని నంబరు వెతుకుతున్నాను, ఆవిడే గేటు తోసుకుని వచ్చింది. తలనిండా దుమ్ము, చీర తడిసి కాళ్ళకి చుట్టుకుని ఉంది. గాలి లేవగానే బయల్దేరిందట. వస్తూనే మీటరు తీసి నాలుగు బ్యాటరీలకీ ఒక్కొక్కదానికీ పెట్టి చూసింది. మూడు బాగానే ఉన్నాయి. గోడ పక్కది పూర్తిగా కూలబడిపోయింది.

మా గేటు దగ్గర, వానకి తలదాచుకోవడానికి ఒక ఈ-రిక్షా ఆగి ఉంది. నడిపే అతను సీటు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. అత్త తిన్నగా వాన్లోకి వెళ్ళి అతనితో మాట్లాడింది. రిక్షా సీటు కింద కూడా మావాటిలాగే నాలుగు బ్యాటరీలు వరసలో ఉంటాయి. అవి ఇవ్వమని అడుగుతోందని నాకు అర్థమయ్యేసరికి అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. అతని బతుకంతా ఆ సీటు కిందే ఉంది మరి, ఊపడా? అత్త అతని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, నాన్నని చూపించింది. అతను గొట్టాన్ని, మిషన్నీ, అమ్మనీ చూశాడు. "లే లే దాయీ" అన్నాడు. తీసుకో అమ్మా అని. ముగ్గురం కలిసి రిక్షాని వరండా మెట్ల దాకా తోశాం.

నాకు ఒకటే తొందర. ఇన్వర్టరు అరుపు గుండెల్లో మోగుతోంది. రిక్షా వైర్లు రెండూ పట్టుకుని, మా బ్యాటరీల మీదే కలిపెయ్యబోయాను. అత్త నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముందు మనవి తీసీ. కలిపేస్తే ఇతగాడివి మనవాటిని నింపడానికే అయిపోతాయి. అన్నయ్యకేటీ మిగల్దు."

తీసేస్తే మిషన్ ఆగిపోతుంది కదత్తా అన్నాను. ఆగుతాది, అంది. ఆవిడ చేతులు అప్పటికే నట్టు మీద ఉన్నాయి.

తీసేసింది. ఇన్వర్టరు అరుపు ఆగింది. దానితో పాటే నాన్న గదిలో మిషన్ ఆగింది, వెంటనే అది వేరే గొంతుతో కీచుమని ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ విసనకర్రతో నాన్న మొహానికి విసురుతోంది. దానివల్ల ఏమీ కాదని ఆవిడకీ తెలుసు. నాన్న కళ్ళు మూసుకుని, ఒక వేలు ఎత్తి చూపించారు. పరవాలేదు అన్నట్టా, తొందరగా అన్నట్టా, నాకిప్పటికీ తెలియదు. ఆయన పెదవుల వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. వరండాలో పానా ఒకసారి జారి కింద పడింది. ఎవరో తీసి అత్తకి అందించారు, రిక్షా అతనే అయ్యుండాలి. చిటపటమని నిప్పురవ్వ లేచింది. ఇన్వర్టరు ఒకసారి దగ్గినట్టు చేసి పట్టుకుంది. లోపల మిషన్ మళ్ళీ ఊపిరి తీసింది.

నాన్న పెదవుల్లోకి రంగు తిరిగి వచ్చేదాకా ఆయన మంచం చుట్టూనే నిలబడ్డాం. తర్వాత అత్త మెట్ల మీద కూలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. రిక్షా అతను ఎటు చూడాలో తెలియక ఆకాశం వైపు చూశాడు. దీపాలవేళకి కరెంటు వచ్చింది. అతను అడిగింది ఒక్కటే, తన బ్యాటరీలు మళ్ళీ నింపి ఇమ్మని. అత్త వాటిని మా వరండాలోనే ఛార్జింగ్ పెట్టి, నాలుగింటికీ నీళ్ళ మట్టం చూసి, ఒకదానికి మూత వదులుగా ఉందని అతన్ని నాలుగు చివాట్లు కూడా పెట్టి పంపించింది.

మర్నాడు పొద్దున ఆ గోడ పక్క బ్యాటరీని వెలుతుర్లోకి లాగి, మూతలు తీసి, గొట్టంతో పీల్చి చూసింది. లోపలి బొమ్మ ఎంతకీ లేవదు. గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. లోపలి నీళ్ళలో సన్నగా మట్టిరంగు తేలుతోంది. ఇందులో ఎవరైనా ఏమైనా పోశారా అని అడిగింది. పనిమనిషిని అడగాలి అన్నాను. అప్పటిదాకా కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ అమ్మ, గ్లాసు కింద పెట్టేసి, గుమ్మాన్ని పట్టుకుంది.

"నేనే పోశాను వదినా" అంది.

సంగతేమిటంటే, మా మావయ్య రాజమండ్రి నుంచి వచ్చినప్పుడల్లా అమ్మకి ఒక డబ్బాతో గోదావరి నీళ్ళు తెస్తాడు. దేవుడి గదిలో ఉంటాయవి. నాలుగింటిలో ఇదొక్కటే నీరసంగా ఉందని అత్త అన్న రోజు నుంచీ, ప్రతి శుక్రవారం పూజ అయ్యాక అమ్మ ఆ బ్యాటరీ మూతలు తీసి, ఒక్కొక్క కన్నంలో ఉద్ధరిణెతో గోదావరి పోసి, నమస్కారం పెట్టుకుని వస్తోందట. నీళ్ళే కదా పోస్తారు, ఆ నీళ్ళేవో తల్లి నీళ్ళే అయితే దానికి బలం వస్తుందనుకుంది. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏ నీళ్ళు పోసినా వాటిలోని ఉప్పూ మట్టీ బ్యాటరీని లోపల్నించి తినేస్తాయని ఆవిడకి తెలియదు. వెనకబడ్డదాన్ని ముందు చూడాలని అత్తే కదా చెప్పింది. అమ్మ చూసుకుంది. అత్త మళ్ళీ మళ్ళీ దాన్ని లేవదీస్తోంది, వారం వారం అమ్మ దాన్ని పడగొడుతోంది. ఇద్దరికీ ఒకే భయం, ఇద్దరిదీ ఒకే మొక్కు.

"ఆయన్ని నేనే చంపబోయాను" అంది అమ్మ. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

నాకు ఆ క్షణంలో అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది, మరు క్షణంలో ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్త గొట్టంలోది తిరిగి లోపలికి వదిలేసి, చేతులు తుడుచుకుంది.

"తప్పు నాది. నీళ్ళడగని దాన్ని నాను అనుమానించాల. నాను మెచ్చుకున్నాను" అంది. అమ్మ వైపు తిరిగి, "వదినా, గోదారి నీళ్ళు పైన సల్లు. లోపలికి మాత్రం నాను పోసినయ్యే ఎల్లాల" అంది.

అమ్మ తల ఊపింది. నాన్నకి చెప్పొద్దని మేమెవ్వరం అనుకోలేదు, కానీ ఎవ్వరం చెప్పలేదు. తర్వాత ఎప్పుడో అమ్మే చెప్పేసింది. నాన్న ఆయాసపడుతూ నవ్వి, "నయం, కాశీ నీళ్ళు పోశావు కాదు" అన్నారు.

అత్త కొత్తవి నాలుగూ ఒకేసారి కొనిపించింది. ఒక్కటి మారిస్తే చాలదా అంటే ఒప్పుకోలేదు. కొత్తదాన్ని పాతవాటి మధ్య నిలబెడితే పాతవి ముందు అలిసిపోతాయి, కొత్తదాని బలం కూడా అక్కరకి రాదు, ఒకే ఈడువి ఉండాలి అంది. మిగిలిన మూడు పాతవాటినీ తను తీసుకెళ్ళి, పక్కపక్కన కలిపి పెట్టి, తన ఇంట్లో చిన్న ఇన్వర్టరుకి తగిలించుకుంది. ఒకే ఇంట్లో పెరిగినవి కదా, సర్దుకుపోతాయి అనేది.

ఆ తర్వాత మంగళవారాలకి కొత్త పద్ధతి వచ్చింది. అత్త అన్నీ చూసి, మూతలు బిగించి, ఒక్కొక్కటీ వేలితో తట్టి, వదినా రా అని కేకేసేది. అమ్మ ఉద్ధరిణెతో వచ్చి నాలుగింటి పైనా తలొక చుక్కా చల్లేది. అత్త కళ్ళకద్దుకుని, మరు నిమిషంలో పసుపు గుడ్డతో తుడిచేసేది. పైన తడి ఉంటే కరెంటు ఆ తడి మీద నుంచి కొంచెం కొంచెం కారిపోతుందట. దేవుడికి ఒక క్షణం చాలు అనేది. ఆ గుడ్డ మా వరండా మేకుకే వేలాడేది.

పోయిన శీతాకాలం నుంచి గాజు గొట్టం నా చేతికిచ్చి, తను స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. కళ్ళు సరిగా ఆనడం లేదని చెప్పింది. నేను నమ్మాను. నేను చూసి చెబితే, అబద్ధం చెబుతున్నానేమోనన్నట్టు మళ్ళీ చూడమనేది. ఆస్పత్రిలో చేరిన రోజున కూడా పలకరింపుల కన్నా ముందు, గోడ పక్కది ఎలాగుంది అని అడిగింది. బాగుందత్తా అన్నాను. నువ్వో, అంది. నేనూ బాగున్నానన్నాను. అది మాత్రం ఆవిడ నమ్మినట్టు లేదు.

ఇప్పుడు ఆ పొద్దుటి సంగతి. రెండో ఫోన్ అయ్యాక లోపలికి వెళ్ళి అమ్మకి చెప్పాను. అమ్మ నాన్న మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుని చెప్పింది. నాన్న చాలాసేపు పైకప్పు వైపు చూశారు. "చెల్లెమ్మ... కంగారు మనిషి" అన్నారు. ఆయనకి ఒక ఊపిరిలో అన్ని మాటలే వస్తాయి. ముగ్గురం అలాగే కూర్చుండిపోయాం. బయల్దేరాలి, బట్టలు మార్చుకోవాలి, నాన్న దగ్గర ఎవరినైనా ఉంచాలి. ఎవరం లేవలేదు. చివరికి అమ్మ, ఆయనకి పాలైనా కాచి ఇచ్చి వెళ్దామని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడి నుంచి నన్ను పిలిచింది. ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. లోపల లైటు వెలగడం లేదు. మా ఫ్రిజ్ ఇన్వర్టరు మీద లేదు.

కరెంటు పోయింది. ఎప్పుడు పోయిందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఆ టక్కుమన్న చప్పుడు నేను వినకపోవడం అదే మొదటిసారి. నాన్న గదిలో ఫ్యాను తిరుగుతోంది, మిషన్ తన పని తను చేసుకుంటోంది. పరిగెత్తుకుని వరండాలోకి వెళ్ళాను. ఇన్వర్టరు మీద పచ్చలైటు లేదు, ఎర్రలైటుంది. అరుపేమీ లేదు. గోడ పక్కదాని మీద ముందు చెయ్యి ఆనించాను. వేడిగా లేదు. మిగతా మూడింటి మీదా ఆనించాను. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి.

వెనక అమ్మ వచ్చింది, చేతిలో ఉద్ధరిణె. మంగళవారం కాదు ఆ రోజు. మూతలన్నీ బిగించి ఉన్నాయా అని నన్ను అడిగింది. ఒక్కొక్కటీ వేలితో తట్టి చూసి, ఉన్నాయమ్మా అన్నాను. అమ్మ నాలుగింటి పైనా తలొక చుక్కా చల్లింది. నేను మేకు మీది పసుపు గుడ్డ తీశాను కానీ, చెయ్యి ముందుకి రాలేదు. ఆ నాలుగు చుక్కలూ నల్లటి మూతల పక్కన నిలబడి మెరుస్తున్నాయి.

"తుడిచెయ్యవే," అంది అమ్మ. "తడి ఉండకూడదంది కదా మీ అత్త."